వెన్నపండు – రామములగ

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం జువ్వలదిన్నె. పేరు చివరనున్న ‘దిన్నె’ అన్న మాట తీరంలోని ఇసుక మెరకలను తలపిస్తుంది. పడమటి దిక్కున, ఆవిరియంత్రాల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో పేరుపొందిన బిట్రగుంట రైల్వే స్టేషను ఉంది. దగ్గరి పట్టణం కావలి. 2020 నవంబరులో ఇక్కడ చేపల రేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగిన తరువాత ఈ ఊరి పేరు జిల్లా ఎల్లలు దాటి వినిపించసాగింది.

ఈ తీరంలో వంట అంటే ముందుగా గుర్తుకు వచ్చేది పులుసు. వలలో పడిన చేపను బట్టి పులుసు రుచి మారుతుంది. కవళ్ళది ఒక రుచి, కానాగంతలది మరొక రుచి, వంజరానిది వేరొక రుచి. చింతపండు రసం, నెల్లూరు వాడుకలో ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు, మిరపకారం, వేసవిలో పచ్చిమామిడి ముక్కలు, వీటితో పాటు బాగా పండిన టమాటాలు ఆ పులుసులో చేరుతాయి. మట్టిదాకలో సన్నని సెగ మీద ఉడికి, రాత్రంతా ఊరి, మరునాటికి రుచి తేలే నెల్లూరు చేపల పులుసుకు తెలుగునాట ఉన్న ఖ్యాతి వేరే చెప్పనక్కరలేదు. ఆ పులుసు ఎరుపులో కొంత మిరపది, కొంత టమాటాది. ఈ రెండూ సముద్రాలు దాటి వచ్చిన పరాయి పంటలని వండేవారికి గాని, తినేవారికి గాని తట్టదు. తట్టవలసిన అవసరమూ లేదు.

అయితే ఇదే టమాటాను పచ్చిగా తరిగి, వెన్నపండు ముక్కల మీద పరచి పళ్ళెంలో పెడితే మాత్రం అది పరదేశపు వంటకంగా తోస్తుంది. అవకాడో సలాడ్ అన్న పేరుతో నగరాల హోటళ్ళలోను, పత్రికల వంటల పుటలలోను కనిపించే ఈ వంటకం తెలుగు వంటింటికి నిజంగా అంత దూరమైనదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. దానికి సమాధానం వెతకటానికి ముందు వంటకం ఏమిటో తెలియాలి.

ఈ వంటకంలో సగం పని పండును ఎంచుకోవటంలోనే ఉంది. అవకాడోకు తెలుగులో వెన్నపండు అన్న పేరు చక్కగా అమరింది. దాని గుజ్జు వెన్నవలె మెత్తగా, నోట కరిగేటట్లు ఉంటుంది. కాని ఆ మెత్తదనం చెట్టు మీద రాదు. ఈ కాయ చెట్టున ఉన్నంతకాలం పక్వానికి వస్తుందే గాని పండదు. కోసిన కొన్ని దినాలకు మెత్తబడుతుంది. మామిడికాయలను గడ్డిలో మాగవేసే అలవాటున్న తెలుగువారికి ఇది వింత కాదు. అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో ఉంచితే, అరటి నుండి వెలువడే ఇథిలీన్ వాయువు వల్ల వెన్నపండు త్వరగా మాగుతుంది. తొడిమ దగ్గర వేలితో మెల్లగా నొక్కినప్పుడు కొద్దిగా లొంగితే పండు సిద్ధమైనట్లు. లొంగని కాయను తొందరపడి కోస్తే చప్పగా, కొంత చేదుగా ఉంటుంది. అటువంటి ఒక్క కాయను తిని జీవితాంతం ఆ పండు జోలికి పోనివారున్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

పండును నిలువుగా, లోపలి గింజ చుట్టూ కత్తి తిప్పి కోయాలి. రెండు చేతులతో చెరొక వైపు తిప్పితే రెండు చెక్కలుగా విడిపోతుంది. గింజ తీసివేసి, గుజ్జును చెంచాతో తోలు నుండి వేరు చేసి, పలుచని ముక్కలుగా కోసి పళ్ళెంలో పరచాలి. వెంటనే నిమ్మరసం చిలకరించాలి. లేకపోతే కోసిన వంకాయవలె ముక్కలు నల్లబడతాయి. గాలిలోని ఆమ్లజని తగలగానే పండులోని ఒక ఎంజైము పని మొదలుపెట్టటమే దీనికి కారణం. నిమ్మలోని పులుపు ఆ ఎంజైమును అణచి ఉంచుతుంది.

ఇక పైన వేసే టమాటా సంగతి. ఎర్రగా పండినా గట్టితనం పోని టమాటాలు రెండు, చిన్న ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి సన్నగా తరిగి, కొత్తిమీర, నిమ్మరసం కలపాలి. కొందరు వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. ఉప్పు మాత్రం వడ్డించే ముందు చివరగా వేయాలి. టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్ళకు పైగా నీరే ఉంటుంది. ఉప్పు తగలగానే ద్రవాభిసరణ వల్ల ఆ నీరు బయటికి వచ్చి, ముక్కలు వాడి, పళ్ళెం నిండా రసం చేరుతుంది. ఈ మిశ్రమాన్ని వెన్నపండు ముక్కల మీద కుప్పగా పరిస్తే వంటకం పూర్తి అయినట్లే. పొయ్యి వెలిగించే పని లేదు. పైగా వెన్నపండును ఎక్కువసేపు వేడి చేస్తే చేదెక్కుతుంది. తోలును, ఆకులను మాత్రం మేకలకు, పెంపుడు పక్షులకు వేయరాదు. వాటిలో ఉండే పెర్సిన్ అనే పదార్థం ఆ జీవులకు హాని చేస్తుంది. ఇంట్లో మిగిలిన ప్రతి తొక్కా మేకకు చేరే పల్లెలలో ఈ విషయం వంట విధానం కన్న ముందు తెలియవలసినది.

ఈ వంటకంలోని రెండు పండ్లూ ఒకే నేల నుండి ప్రపంచానికి అందాయి. వెన్నపండు జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. దాల్చినచెక్క, బిరియానీ ఆకు ఏ కుటుంబానికి చెందినవో వెన్నపండు కూడా ఆ కుటుంబానికే చెందినది. టమాటా అడవి జాతులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పడమటి వాలులలో పుట్టినా, దానిని తోటపంటగా మార్చి పెద్ద కాయలు కాయించిన ఘనత మెక్సికో ప్రాంత రైతులకే దక్కుతుంది. అక్కడి ఆజ్టెక్ ప్రజలు మాట్లాడిన నవాత్ల్ భాషలో టమాటాను ‘తొమత్ల్’ అన్నారు, వెన్నపండును ‘ఆవకత్ల్’ అన్నారు. స్పెయిన్ వారి నోట ఆ మాటలు రూపు మార్చుకొని, ఆంగ్లంలోకి వెళ్ళి, అక్కడి నుండి తెలుగుకు టమాటాగా, అవకాడోగా వచ్చాయి.

ఆ భాషలో ‘మొల్లి’ అంటే నూరి చేసిన వ్యంజనం. వెన్నపండును మెదిపి చేసేది ‘ఆవకమొల్లి’. నేడు ప్రపంచమంతటా గ్వాకమోలె అన్న పేరుతో వ్యాపించిన వంటకం అదే. ఆవకమొల్లి అన్న పేరు వినగానే తెలుగువారికి ఆవకాయ గుర్తుకు రావటం సహజం. కాని ఆ రెండింటికీ సంబంధం లేదు. ఆవకాయలోని ‘ఆవ’ ఆవాలది. సంబంధమంటూ ఉన్నది పేరులో కాదు, పనిముట్టులో. మెక్సికోవారు వ్యంజనాలు నూరటానికి అగ్నిపర్వతపు రాతితో చేసిన మూడుకాళ్ళ గిన్నెను, చేతిలో ఇమిడే రాతి పొత్రాన్ని వాడేవారు. ఇప్పటికీ వాడుతున్నారు. ఆ గిన్నెను మోల్కహేతె అంటారు. మిరపకాయ, ఉప్పు ముందు నూరి, తరువాత టమాటాను వేసి కచ్చాపచ్చాగా చిదపటం అక్కడి పద్ధతి. తెలుగు ఇల్లాలు రోటిలో పచ్చడి నూరే వరుస కూడా ఇదే. పదహారవ శతాబ్దంలో మెక్సికోలో ఉండి అక్కడి ప్రజల జీవితాన్ని విస్తారంగా గ్రంథస్థం చేసిన బెర్నార్దినో ద సహగూన్ అనే స్పెయిన్ మతగురువు, అంగళ్ళలో మిరప, టమాటా, గుమ్మడిగింజలతో చేసిన వ్యంజనాలు అమ్మటాన్ని వర్ణించాడు. టమాటాతో పాటు నూనెగింజలు నూరటమన్న ఈ చిన్న వివరం గుర్తుంచుకోదగినది. దాని విలువ ముందు ముందు తెలుస్తుంది.

తెలుగు పచ్చడి మాత్రం టమాటా కన్న, మిరప కన్న ప్రాచీనమైనది. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏ భోజనం పెట్టాడో వర్ణించాడు. చలికాలపు విస్తరిలో మిరియపు పొడి ఉంది, ఆవపచ్చళ్ళున్నాయి, ఊరగాయలున్నాయి. మిరపకాయ లేదు, టమాటా లేదు. అవి అప్పటికి ఈ దేశపు వంటింటిని చేరలేదు. అంటే పచ్చడి అనే పీట ముందే వేసి ఉంది. దాని మీద కూర్చోవలసిన అతిథులు తరువాత వచ్చారు.

మొదట వచ్చినది మిరప. పోర్చుగీసువారి ఓడలతో పదహారవ శతాబ్దంలో పడమటి తీరానికి చేరి, మిరియపు స్థానాన్ని ఆక్రమించి, పేరును కూడా మిరియం పోలికతోనే తెచ్చుకొన్నది. టమాటా రాక అంత వేగంగా జరగలేదు. ఐరోపాలోనే చాలాకాలం దానిని అనుమానంతో చూశారు. విషపు మొక్కలున్న కుటుంబానికి చెందినదన్న భయం కొంత, అలవాటు లేకపోవటం కొంత అందుకు కారణాలు. భారతదేశంలో పంతొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయుల భోజనం కోసం పండించిన కూరగాయగా అది వ్యాప్తిలోకి వచ్చింది. సంప్రదాయపరుల ఇండ్లలో చాలాకాలం వరకు వంటింటి గడప తొక్కలేదు. శ్రాద్ధ దినాలలో టమాటాను వాడని ఇండ్లు తెలుగునాట నేటికీ ఉన్నాయి. ఇంట్లో చేరిన కొత్త కోడలికి పూజగది పనులు చాలాకాలానికి గాని అప్పగించనట్లుంటుంది ఈ పద్ధతి.

కొత్త వస్తువుకు పేరు పెట్టటంలో తెలుగువారి చూపు సూక్ష్మమైనది. టమాటాను తెలుగువారు రామములగ అన్నారు. తెలంగాణలోని పల్లెలలో అది రామ్ములక్కాయ అయింది. దక్షిణాన తమిళసీమను ఆనుకొన్న ఊళ్ళలో తక్కాళి అన్నారు. వాకుడుకు నేలములక అన్న పేరు ఉంది. అది వంకాయ జాతికి చెందిన ముళ్ళ మొక్క. టమాటా కూడా వంకాయ కుటుంబానిదే. వృక్షశాస్త్ర పుస్తకం చదవని పల్లె ప్రజలు ఆకును, పువ్వును, కాయలోని గింజలను చూసి చుట్టరికం పోల్చుకొన్నారన్న మాట. ఆ తరువాత ‘రామ’ అన్న మాట చేర్చి ఆ పరదేశపు కాయను ఇంటి మనిషిని చేసుకొన్నారు. ఇంత అందమైన పేరు పాఠశాలలలోను, అంగళ్ళలోను వినిపించకుండా పోవటం విచారకరం.

వెన్నపండు కథ ఇంకా ఈ దశకు రాలేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో శ్రీలంక మీదుగా భారతదేశానికి వచ్చిన ఈ చెట్టు, తమిళనాడులోని నీలగిరి, షెవరాయ్, పళని కొండలలోను, కేరళలోని వయనాడులోను, కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటలలోను, ఈశాన్యాన సిక్కింలోను కుదురుకొన్నది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థకు చెందిన కొడగు జిల్లా చెట్టళ్ళి కేంద్రం ‘అర్కా సుప్రీం’ అనే రకాన్ని రూపొందించింది. ప్రపంచ విపణిలో ఎక్కువగా అమ్ముడుపోయే రకం మాత్రం కాలిఫోర్నియాది. రుడాల్ఫ్ హాస్ అనే తపాలా ఉద్యోగి తన పెరటిలో నాటిన ఒక గింజ నుండి అనుకోకుండా పుట్టిన చెట్టుకు 1935లో పేటెంటు పొందాడు. నల్లని గరుకు తోలు గల హాస్ రకం పండ్లన్నిటికీ ఆ ఒక్క చెట్టే మూలం. దానితో ఆయనకు దక్కిన ధనం స్వల్పం. తపాలా ఉద్యోగం మానుకొనే స్థితి ఆయనకు రాలేదు.

జువ్వలదిన్నె ఇసుకలో ఈ చెట్టును నాటితే బ్రతుకుతుందా? బ్రతకటం కష్టమే. వెన్నపండు చెట్టు వేళ్ళు లోతుకు పోవు. నీరు నిలిస్తే కుళ్ళుతాయి. ఉప్పుకు తట్టుకోలేని పండ్ల చెట్లలో దానిని ముందు చెప్పుకోవాలి. నేలలో, నీటిలో ఉప్పు కొద్దిగా పెరిగినా ఆకుల అంచులు మాడిపోతాయి. ఉప్పుగాలి వీచే తీరంలో సరుగుడు, కొబ్బరి నిలుస్తాయి గాని ఈ సుకుమారి నిలవదు. కాబట్టి ఈ ఊరికి వెన్నపండు రావాలంటే దూరపు కొండల నుండి కొనుక్కొని తెచ్చుకోవలసినదే. అమ్మకానికి వచ్చినదానిని కొనే ముందు, దానివల్ల కలిగే మేలు ఇంట్లో ఉన్న వస్తువులతో దొరకదా అని ఆలోచించటం గృహస్థ ధర్మం. ఇక్కడే పోషకాహార శాస్త్రం సాక్ష్యం అవసరమవుతుంది.

టమాటా ఎరుపుకు కారణం లైకోపీన్ అనే వర్ణపదార్థం. దానితో పాటు శరీరంలో విటమిన్ ‘ఎ’గా మారే బీటా కెరోటిన్ కూడా కొంత ఉంటుంది. ఈ రెండూ నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. కొవ్వు తోడు లేకుండా పచ్చి టమాటా ఎంత తిన్నా, ఈ పదార్థాలలో చాలా భాగం శరీరానికి ఒంటబట్టకుండానే పోతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రకటించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని లెక్కలతో చూపింది. టమాటా వ్యంజనాన్ని 150 గ్రాముల వెన్నపండుతో కలిపి తిన్నవారిలో లైకోపీన్ శోషణ 4.4 రెట్లు, బీటా కెరోటిన్ శోషణ 2.6 రెట్లు పెరిగింది. వంద గ్రాముల వెన్నపండులో దాదాపు 15 గ్రాముల కొవ్వు ఉంటుంది. అందులో అధిక భాగం ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లమే. పళ్ళెంలో కింద వెన్నపండు, పైన టమాటా అన్న పొందిక రుచికోసం మాత్రమే కుదిరినది కాదని దీనివల్ల విదితమవుతుంది.

ఆ అధ్యయనంలోనే మరొక ముఖ్యమైన విషయం ఉంది. పండుకు బదులు ఆ పండు నుండి తీసిన నూనెను మాత్రమే కలిపినప్పుడు కూడా దాదాపు అంత ఫలితమే వచ్చింది. అంటే ఘనత కొవ్వుది. ఇప్పుడు తెలుగువారి టమాటా పచ్చడిని చూడవచ్చు. నువ్వులనూనెలోనో, వేరుశనగ నూనెలోనో టమాటాలను మగ్గించి, వేయించిన నువ్వులు లేదా వేరుశనగ పప్పులు చేర్చి నూరి, మళ్ళీ నూనెతో తాళింపు పెడతారు. వేడి వల్ల టమాటా కణాల గోడలు చిట్లి లైకోపీన్ మరింత సులభంగా బయటపడుతుంది. నూనె దానిని కరిగించుకొంటుంది. వేరుశనగ, మిరపకాయలు నూరే రాయలసీమ ఊరుబిండిలో కూడా కొందరు టమాటా కలుపుతారు. గుమ్మడిగింజలతో టమాటాను నూరిన ఆజ్టెక్ స్త్రీ, నువ్వులతో నూరిన తెలుగు స్త్రీ ఒకరి గురించి ఒకరు వినకుండానే ఒకే పద్ధతికి చేరుకొన్నారు. లైకోపీన్ అన్న పేరు ఇద్దరికీ తెలియదు. నాలుకకు తెలిసినది శాస్త్రానికి ఆలస్యంగా తెలియటం వంటింటి చరిత్రలో పలుమార్లు జరిగినదే.

జువ్వలదిన్నె పులుసు ఇంకొక అడుగు ముందున్నది. అక్కడి దాకలో టమాటాకు తోడుగా పడేది నూనె కవళ్ళు. ఈ చేపలో కొవ్వు సమృద్ధిగా ఉంటుంది. ఆ కొవ్వులో గుండెకు మేలు చేసే ఒమేగా-3 ఆమ్లాలుంటాయి. విశేషమేమంటే ఈ చేప కూడా టమాటావలె ఈ తీరానికి కొత్తదే. ఒకప్పుడు నూనె కవళ్ళు ప్రధానంగా పడమటి తీరంలోని మలబారు ప్రాంతానికి పరిమితమై ఉండేవి. 1980ల మధ్యకాలం నుండి తూర్పు తీరంలో కూడా పెద్ద ఎత్తున పడసాగాయని మత్స్య శాస్త్రజ్ఞులు గుర్తించారు. సముద్రజలాలు వేడెక్కటం దీనికి ఒక కారణమని వారి అభిప్రాయం. మెక్సికో పండు, మలబారు చేప నెల్లూరు చింతపండు రసంలో కలిసి ఉడికిన వంటకాన్ని అచ్చమైన స్థానిక వంటకమని ప్రజలు చెప్పుకొంటున్నారు. వారి మాట తప్పు కూడా కాదు.

పోషకవిలువల లెక్కలు ఇక్కడితో చాలు. ధరల లెక్క వేరుగా ఉంటుంది. నగరాలలో ఒక విదేశీ వెన్నపండుకు పెట్టే ధరతో మామూలు రోజులలో కిలోల కొద్దీ టమాటాలు వస్తాయి. ఆ ధరలో కనపడని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. చిలీ దేశంలోని పెటోర్కా ప్రాంతంలో కొండవాలుల మీద వెన్నపండు తోటలు పచ్చగా పెరుగుతుంటే, కరవు సంవత్సరాలలో ఊరి ప్రజలు తాగునీటికి లారీల కోసం ఎదురుచూశారు. మెక్సికోలోని మిచోకాన్ రాష్ట్రంలో తోటల విస్తరణ కోసం దేవదారు జాతి అడవులను నరికివేశారు. మరొకవైపు టమాటా చౌకదనం వెనుక రైతు కష్టం దాగి ఉంది. ఆసియాలోని పెద్ద టమాటా విపణులలో ఒకటిగా పేరొందిన మదనపల్లెకు వచ్చే రైతుకు పంట వేసే నాడు ధర ఎంత పలుకుతుందో తెలియదు. 2023 జూలై చివరి నాటికి దేశంలోని పలు నగరాలలో కిలో టమాటా ధర 200 రూపాయలకు చేరింది. సెప్టెంబరు నాటికి కోత కూలి కూడా గిట్టక రాయలసీమ రైతులు పండిన టమాటాలను రోడ్ల పక్కన పారబోశారు. రెండు నెలల వ్యవధిలో అదే పండు బంగారమూ అయింది, చెత్తా అయింది. కొనేవారు మొదటి వార్తను చాలాకాలం గుర్తుంచుకొన్నారు. రెండవ వార్తను అంతగా పట్టించుకోలేదు.

తీరప్రాంతపు ఇంటిలో ఈ లెక్క స్త్రీల ఆరోగ్యంతో ముడిపడి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో దాదాపు 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూరలలోను, పప్పులలోను ఉండే ఇనుము సులభంగా ఒంటబట్టదు. అదే పూట విటమిన్ ‘సి’ ఉన్న పదార్థం తింటే దాని శోషణ పెరుగుతుంది. పచ్చి టమాటా, నిమ్మరసం, పచ్చిమిరప, కొత్తిమీర ఈ నాలుగింటిలోనూ విటమిన్ ‘సి’ ఉంది. వేడి చేస్తే అందులో చాలా భాగం నశిస్తుంది. కాబట్టి వెన్నపండు దొరికినా దొరకకపోయినా, పైన పరిచే ఆ పచ్చి టమాటా మిశ్రమం మాత్రం పప్పన్నంతో పాటు ప్రతి ఇంటి కంచంలోనూ ఉండదగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని సూచించింది. ఇంట అందరికీ వడ్డించి చివరగా తినే ఇల్లాలి కంచానికి కూర అడుగంటిన గిన్నె మాత్రమే మిగులుతుండటం ఎరిగినవారికి ఈ అంకెలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది.

వెన్నపండు లేని చోట ఆ పళ్ళెం చేసుకొనే విధానం కష్టమైనదేమీ కాదు. వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పులు గుప్పెడు రోట్లో పలుకులు పలుకులుగా దంచి, తరిగిన దోసకాయ ముక్కల మీద చల్లి, వాటిపైన టమాటా మిశ్రమం పరచాలి. వేరుశనగలోని కొవ్వులో కూడా ఎక్కువ పాలు ఓలియిక్ ఆమ్లమే. ఇక వెన్నపండు చౌకగా దొరికే చోట తెలుగువారు దానిని తమ పద్ధతిలోకి మార్చుకొంటూనే ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మామిడికాయ దొరకని కాలంలో గట్టి వెన్నపండును పచ్చిమిరపకాయలతో, నిమ్మరసంతో నూరి, ఆవాలు, ఇంగువ తాళింపు పెట్టి అన్నంలో కలుపుకొనేవారున్నారు. ఆ పచ్చడికి వారు గ్వాకమోలె అన్న పేరు పెట్టలేదు, వెన్నపండు పచ్చడి అనే అంటున్నారు. పేరు మారిన నాడే వంటకం ఇంటిదవుతుందని రామములగ కథ ముందే చెప్పింది.

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యంత్రపు పడవల మీద వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమది. ఆ రోజులలో జువ్వలదిన్నె వంటి ఊళ్ళలో వలల మరమ్మతు సాగుతుంది. దాకలోకి పచ్చి చేపకు బదులు ఎండు నెత్తళ్ళు వస్తాయి. వేసవి టమాటా చౌకగా ఉంటే నెత్తళ్ళతో అది కలిసి కూర అవుతుంది. నిషేధం తొలగి పడవలు నీటిలోకి దిగి, కవళ్ళు ఒడ్డుకు చేరేసరికి వేసవి పంట అయిపోయి టమాటా ధర పెరగటం మొదలవుతుంది. అప్పుడు పులుసులో టమాటా పాలు తగ్గి చింతపండు పాలు పెరుగుతుంది. మొదటి వేట నాటి పులుసు రంగు కొంచెం నల్లగా, పులుపు కొంచెం ఘాటుగా ఉంటుంది.